సీసం లేకపోతే తుపాకీ మూలపడదు

సంపాదకులు గారికి,

కాలిఫోర్నియాలో ఏ జంతువుని వేటాడినా సీసం వాడకూడదన్న రూలు 2019 జూలై 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది, గొట్టం మూతిలోంచి మందూ గుండూ దట్టించి కాల్చే పాతకాలపు మజిల్‌లోడర్లకీ మినహాయింపు లేదు. అప్పట్నుంచి మా వేటగాళ్లలో చాలామందిది ఒకటే పాట, ఇక ఈ తుపాకీ గోడకి తగిలించుకోవడానికే అని.

మినీ బాల్ లాంటి కోసు తూటాల విషయంలో వాళ్ల బాధ న్యాయమే. పేలుడు ఒత్తిడికి తూటా వెనక అంచు విచ్చుకుని గొట్టంలోని మెలికల గాట్లని పట్టుకోవాలి, అందుకు మెత్తటి సీసమే అచ్చొచ్చింది. కానీ గుడ్డ చుట్టి దించే గుండ్రటి గుండు సంగతి వేరు. అక్కడ గాట్లని పట్టేది గుడ్డే కాబట్టి గుండు కాస్త గట్టిదైనా ఫర్వాలేదు.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, పోసుకోవడం తేలిక. చిక్కల్లా బరువుతోనే. .50 క్యాలిబర్‌లో, అంటే అర అంగుళం గొట్టంలో, వేసే 0.490 అంగుళాల సీసం గుండు సుమారు 11.5 గ్రాములుంటే అదే కొలత తగరం గుండు ఏడున్నర కూడా తూగదు, బయల్దేరేటప్పుడు ఎంత జోరుగా ఉన్నా దూరం వెళ్లేకొద్దీ నీరసపడుతుంది. బిస్మత్ అనే లోహం, తగరం కలిపితే బరువు నయమే గానీ బిస్మత్ పెళుసు, ఎముక తగిలితే పగలొచ్చు, ఖరీదూ ఎక్కువే. పైగా సీసం గడ్డకట్టేటప్పుడు ముడుచుకుంటే ఇది ఉబ్బుతుంది, దాంతో పాత అచ్చులో పోసిన గుండు పాత గుడ్డతో గొట్టంలోకి దిగనని మొరాయిస్తుంది, పల్చటి గుడ్డ చూసుకోవాలి. సీసం కరిగించిన కుండలో మాత్రం దీన్ని కరిగించకండి, గుండులో సీసం 1 శాతం మించితే చట్టం ఒప్పుకోదు.

మెల్లగా పోయే గుండు రైఫిల్ తూటాలా తునాతునకలవదు కదా అంటారు, నిజమే. కానీ దెబ్బతిని తప్పించుకుని ఎక్కడో పడి చచ్చిన జింకలో సీసం సీసంలాగే ఉంటుంది, దాన్ని తినేది రాబందులు. 1982లో కాండోర్ రాబందులు మొత్తం 22 మిగిలాయి, వాటిని మళ్లీ పెంచి అడవిలోకి వదిలాక కూడా చంపుతున్నది ఎక్కువగా ఈ సీసమే. తేలిక గుండు వేసేవాళ్లు ఇంకాస్త దగ్గరికెళ్లి కాల్చాలి, అంతే. అసలు ఒక్క గుండుతో దగ్గర్నుంచి కొట్టే సరదా లేనివాడు మజిల్‌లోడర్ ఎందుకు పట్టుకున్నట్టు?

కొనేవాళ్లు తక్కువైన ఈ గుండ్ల మీద పెద్ద కంపెనీలు పెద్దగా శ్రద్ధ పెట్టవు. కాబట్టి రూలు పెట్టిన ప్రభుత్వమే ఏ గుండుకి ఎంత మందు, ఎంత మందం గుడ్డ, ఎన్ని గజాల వరకు నమ్మొచ్చు అన్నది పరీక్షించి, వేట శిక్షణలోనే చెబితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, కాలిఫోర్నియా