ధవళేశ్వరం చరిత్రలో కూలీలు ఏరీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో మా ధవళేశ్వరం మీద వచ్చిన వ్యాసం చదివి చాలా బాధేసింది. గోదావరి మీద ఆనకట్ట కట్టించిన కాటన్ దొర వచ్చేదాకా ఇక్కడ ఊరే లేనట్టు రాశారు. కొండ మీద జనార్దనస్వామి గుడి, రామపాదాల రేవు ఉన్న ఊరండీ ఇది, ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్పేవారు కదా.

దొరగారంటే గౌరవం లేక కాదు. 1833 కరువు, 1839 ఉప్పెన చూసిన ఈ ప్రాంతం 1852లో ఆనకట్ట పూర్తయ్యాక ఎలా మారిందో డెల్టాలో అందరికీ తెలుసు. కానీ 1847లో పని మొదలయ్యాక ఇక్కడికొచ్చిన వేలమంది కూలీల మాట వ్యాసంలో ఒక్క ముక్క లేదు. వాళ్లను కూడగట్టి, దగ్గరుండి పని చేయించి, రాయ్ బహదూర్ బిరుదు పొందిన వీణెం వీరన్న గారి పేరైనా రాయలేదు. ఆయన లేకుండా ఈ ఊరి చరిత్ర ఏమిటండీ?

మా కొండనే పగలగొట్టి ఆనకట్టకు రాయి తీశారు. 1853లో బొంబాయిలో ప్రయాణికుల రైలు నడవకముందే ఇక్కడ పట్టాలు వేసి ఆ రాయిని గోదావరి గట్టుకు చేర్చారు. ఆనకట్ట పనుల కోసం వర్క్‌షాపు వచ్చింది, దాంతో కమ్మర్లు, వడ్రంగులు, కాలువల మీద పనిచేసే లస్కర్లు, వాళ్లను నమ్ముకుని కొట్లు పెట్టుకున్నవాళ్లు, అలా పెరిగింది ఊరు. కాలువలు తెరిచాక లాకుల దగ్గర, అంటే పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే తలుపుల దగ్గర, ధాన్యం పడవలు బారులు తీరేవట. గాలి పడిపోతే పడవవాళ్లు గట్టు మీదకి దిగి, తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి ఆ బరువంతా లాక్కుంటూ కాకినాడ వైపు నడిచేవారని మా తాతగారు చెప్పేవారు. రైళ్లు, లారీలు వచ్చి ఆ బతుకులు పోయాయి, వాళ్ల గురించి రాసినవాళ్లూ లేరు.

ఇప్పుడు మా ఊరి పేరు వినపడాలంటే వరద రావాలి. ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని టీవీలు మోగిపోతాయి, నీళ్లు తీశాక అందరూ మర్చిపోతారు. అధికారులూ అంతే. ఊరి పాత రికార్డులు చూద్దామని ఒక ఆఫీసుకు వెళ్తే ఈ సీటు కాదు ఆ సీటని తిప్పారు, చివరికి సారు క్యాంపుకెళ్లారన్నారు. కాగితం ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు. రోడ్లు, డ్రైన్ల సంగతి మొదలుపెడితే ఈ ఉత్తరం సరిపోదు.

2027 పుష్కరాలు దగ్గరకొచ్చేశాయి. రేవులకు రంగులేసి చేతులు దులుపుకోకుండా, రాయి తీసిన కొండ దగ్గర, లాకుల దగ్గర, అక్కడ ఏం జరిగిందో, ఎవరు పనిచేశారో అధికారులు తెలుగులో బోర్డులు పెట్టించాలి. మీరు కూడా వీరన్న గారి మీద, ఆ కూలీల మీద ఆదివారం పేజీలోనే ఇంకో వ్యాసం వేయండి. రాసేవారు వస్తే ఊళ్లో పెద్దవాళ్ల దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ధవళేశ్వరం