గ్యాసు మన ఒడ్డుకే వస్తోంది, కాజా రేటు ఎందుకు పెంచానంటే

సోమవారం నుంచి మా కాకినాడ కొట్లో కాజా కిలోకి 20 రూపాయలు పెంచుతున్నానండి. బోర్డు మీద రాసి ఊరుకుందామనుకున్నాను. మొన్న తాళ్ళరేవు నుంచి వచ్చే పెద్దాయన కౌంటరు దగ్గర నిలబడి గట్టిగానే అడిగేశారు: "ఏమయ్యా, సముద్రంలో గ్యాసు మా గాడిమొగ దగ్గరే ఒడ్డెక్కుతోంది. నీకు రేటెందుకు పెరుగుద్ది?" అప్పటికి నవ్వేసి పొట్లం కట్టిచ్చాను. జవాబు ఇదిగో.

మన చెరువులో పెరిగిన రొయ్యకి రేటు అమెరికాలో తేలడం లేదూ? ఇదీ అంతే. మన దేశం వాడే గ్యాసులో దాదాపు సగం ఓడల్లో వస్తుంది, మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేసి తెస్తారు. పాత బావుల చవక గ్యాసులో ఇళ్ళ పొయ్యిలకీ, సీఎన్‌జీ బళ్ళకీ ముందు వాటా. అది వాళ్ళకే చాలడం లేదు. ఇక మా కొట్టుకొచ్చే పైపు గ్యాసుకి బయటి రేటే తగులుతుంది. ఇంట్లో అన్నం ముందు, కాజా తర్వాత, దాన్ని తప్పుపట్టను.

ఆ ఓడ గ్యాసు రేటుకే నిలకడ లేదు. ఆసియాలో అప్పటికప్పుడు కొనే గ్యాసు 2020 ఏప్రిల్‌లో, కరోనాలో కొనే నాథుడు లేక, పది లక్షల బీటీయూలకు (గ్యాసుని వేడి లెక్కన కొలిచే కొలత) 2 డాలర్ల దిగువకు పడింది. 2022 మార్చిలో, రష్యా ఉక్రెయిన్ మీదకెళ్ళి రెండు వారాలు తిరక్కుండానే 80 డాలర్లు దాటింది. రష్యా పైపు ఆగుతుందేమోనని యూరప్ వాళ్ళు ఓడల కోసం ఎగబడ్డారు. ధాన్యంలా పురి కట్టి దాచుకునే సరుకా ఇది? ఎక్కడో చలి ముదిరినా, ఏదో ప్లాంటు ఆగినా, ఇక్కడ రూపాయి జారినా నా బిల్లు కదులుతుంది.

మన కేజీ బేసిన్ (కృష్ణా గోదావరి తీరపు గ్యాసు నిక్షేపాలు) మీదా ఆశపడ్డాం. అందులో డీ6 అనే సముద్రపు బ్లాకులో 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైంది, మరుసటేడు పైకెళ్ళింది, ఆపైన అనుకున్నదానికన్నా ముందే తగ్గిపోయింది. తర్వాత కొత్త బావులొచ్చాయి గానీ, లోతు సముద్రం గ్యాసుకి ధర వేరే, అదీ డాలర్లలోనే.

ఇక నా సంగతి. ఆ 20లో గ్యాసు వాటా 7 రూపాయలే. మిగతాది నూనె, కుర్రాళ్ళ జీతాలు. పోయినేడు మూడు నెలలు బిల్లు తగ్గింది, అప్పుడు మీకు పైసా తగ్గించలేదు. కొత్త ఫ్రిజ్ వాయిదాలకు సర్దేశాను. అడిగితే చెప్పేవాణ్ణి, ఎవరూ అడగలేదు.

ఇంకో తప్పు నా పొయ్యిదే. పాకం పొయ్యి మంట పసుపుపచ్చగా వచ్చేది, మూకుడు అడుగున వేలు పెడితే మసి. నాజిల్ విప్పి సూదితో పొడిచి శుభ్రం చేయించాక మంట నీలంగా నిలబడింది, తీగ పాకం పావుగంట ముందే వస్తోంది. ఇన్నాళ్ళూ ఆ మసికి డబ్బు కట్టానన్నమాట.

సాయంత్రం రెండు వాయిలు ఇకమీద ఒకటే చేస్తున్నాం, ఐదున్నరకి. వేడివి కావాలంటే ఆ వేళకే రండి, ఏడింటికొస్తే చల్లారినవే ఉంటాయి.