ఆ మూడు జాజ్ రికార్డులు వెనక్కి తీసుకుంటున్నాం

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు మా కస్టమర్లందరికీ,

పోయిన ఏడాది 1,600 రూపాయల అరలో పెట్టి అమ్మిన మూడు ఎల్‌పీల మీద ‘ఒరిజినల్ టేపు నుంచి, పూర్తి అనలాగ్’ (అంటే మధ్యలో డిజిటల్ ఫైలు లేకుండా చేసినవి) అని కార్డు రాసి పెట్టాం. అది తప్పు. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, జాన్ కోల్ట్రేన్ ‘బ్లూ ట్రెయిన్’, డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ అవి. మూడూ యూరప్‌లో అచ్చయినవి. వెనక అట్ట మీద ‘180 గ్రాములు’, ‘రీమాస్టర్డ్’ అని ఉంది గానీ ఏ టేపు నుంచి తీశారో, ఎవరు మాస్టరింగ్ (అచ్చుకు ముందు శబ్దాన్ని సరిదిద్దే పని) చేశారో ఒక్క ముక్క లేదు. సరఫరా చేసినవాళ్లను ఈమధ్య గట్టిగా అడిగితే సీడీ ఫైళ్ల నుంచి చేసినవేనని చెప్పారు. ఆ మాట మేం ముందే అడిగి ఉండాల్సింది. అడగకుండా కార్డు రాశాం, మీరు ఆ కార్డు చూసి కొన్నారు. బిల్లు ఉన్నా లేకపోయినా, అట్ట చిరిగినా సరే, తీసుకురండి. మొత్తం డబ్బు ఇచ్చేస్తాం. వేరే రికార్డు కావాలంటే అందులో తగ్గిస్తాం.

ఇలాంటివి అంత చవకగా ఎలా వస్తాయో కూడా చెప్పాలి. యూరప్‌లో సౌండ్ రికార్డింగ్ హక్కు అప్పట్లో 50 ఏళ్లే. తర్వాత 70 ఏళ్లకు పెంచారు గానీ, అప్పటికే గడువు తీరిపోయిన వాటికి, అంటే 1962 ఆఖరులోపు విడుదలైన వాటికి, ఆ పెంపు వర్తించలేదు. జాజ్‌లో పేరుమోసిన ఆల్బమ్‌లు చాలావరకు ఆ లోపే వచ్చాయి. కాబట్టి అక్కడ పాత రికార్డు కంపెనీని అడగకుండానే ఎవరైనా వాటిని అచ్చు వేసుకోవచ్చు. హక్కు తీరిపోయినా అసలు టేపు మాత్రం పాత కంపెనీ గోదాములోనే ఉంటుంది. టేపు చేతిలో లేనివాళ్లు మామూలుగా సీడీ నుంచో, పాత ఎల్‌పీ నుంచో ఎక్కించుకుంటారు. డిజిటల్ నుంచి చేసినంత మాత్రాన రికార్డు చెడ్డదని మేం అనం. శ్రద్ధగా చేస్తే చక్కగా వినిపిస్తుంది. కానీ ఎక్కడి నుంచి చేశారో చెప్పని రికార్డును ఇకమీదట మా అరలో పెట్టం.

మీరు ఎక్కడ కొన్నా సరే, ముందు చూడాల్సింది లేబులుకూ ఆఖరి పాటకూ మధ్య ఉండే ఖాళీ జాగా. అక్కడ గీసిన అక్షరాలు ఉంటాయి. ట్యూబ్‌లైటు కింద రికార్డును కాస్త ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. ‘కేపీజీ@సీఏ’ అని ఇంగ్లిష్ పొడి అక్షరాలు ఉంటే మాస్టరింగ్ ఇంజనీరు కెవిన్ గ్రే తన స్టూడియోలో కోసిన లాకర్ (అచ్చుకు మూలమైన మొదటి పళ్లెం) నుంచి వచ్చిందని లెక్క. అమెరికా జాజ్ కంపెనీ బ్లూ నోట్ పాత అచ్చుల్లో రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ ముద్ర, ‘ఆర్‌వీజీ’ అనో పూర్తి ఇంటిపేరో, కనిపిస్తుంది. ఉత్త నంబర్లే ఉంటే అది దొంగ సరుకని కాదు. అప్పుడు వెనక అట్ట మీద రాసినదే ఆధారం, అక్కడా ఏమీ లేకపోతే ఆ ధరకు తగ్గట్టే ఆశలు పెట్టుకోండి. 180 గ్రాముల బరువు చూసి మాత్రం డబ్బు ఎక్కువ పెట్టకండి. మామూలు ఎల్‌పీ 120 నుంచి 140 గ్రాములు. బరువు పెరిగితే గాడి లోతు పెరగదు. పళ్లెం వంగకుండా కాస్త గట్టిగా ఉంటుంది, అంతే.

ఇప్పుడు మా అరలో ఉండేవి ప్రధానంగా రెండు వరసలు. బ్లూ నోట్ క్లాసిక్ వినైల్ 2020 డిసెంబరులో మొదలైంది. టేపు దొరికినంతవరకు దాని నుంచే కెవిన్ గ్రే మాస్టరింగ్ చేస్తారు, జర్మనీలోని ఆప్టిమల్ ఫ్యాక్టరీలో అచ్చవుతాయి. ఒక్క అట్టే ఉంటుంది, పుస్తకంలా తెరుచుకోదు. తక్కువ ఖర్చులో మంచి మాస్టరింగ్ కావాలంటే మా మొదటి సలహా ఇదే. ఆర్ట్ బ్లేకీ ‘మోనిన్’, క్యానన్‌బాల్ ఆడర్లీ ‘సమ్‌థిన్ ఎల్స్’, హెర్బీ హాంకాక్ ‘మెయిడెన్ వాయేజ్’ ఎప్పుడూ రెండేసి చొప్పున ఉంచుతాం. ధర 2,900 ఉండేది, ఈ నెల నుంచి 3,200. రవాణా, సుంకం పెరిగాయి, మా లాభం అంతే ఉంది. రెండోది ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్. 1980లలో ఫాంటసీ కంపెనీ మొదలుపెట్టిన ఈ వరసను 2023లో క్రాఫ్ట్ రికార్డింగ్స్ మళ్లీ తెచ్చింది. 4,300 అవుతుంది, అట్ట దళసరిగా, పాతకాలపు పద్ధతిలో అతికించి ఉంటుంది. బ్లూ నోట్‌దే ఇంకో ఖరీదైన వరస, టోన్ పోయెట్, ఆర్డరు మీద మాత్రమే తెప్పిస్తాం. అందులో మీకు అదనంగా దక్కేది ముఖ్యంగా తెరుచుకునే అట్ట, లోపలి ఫొటోలు. ఆ రెంటి మీదా మోజు లేకపోతే క్లాసిక్ వినైల్‌తో ఆగిపోవచ్చు.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ గురించి విడిగా చెప్పాలి. ఎక్కువ మంది మొదట అడిగేది అదే. 1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. మార్చి 2న వాడిన టేపు మెషిను కాస్త నెమ్మదిగా తిరిగింది. మామూలు వేగంలో వినిపించేసరికి మొదటి వైపు మూడు పాటలూ కొంచెం హెచ్చు శ్రుతిలో పడ్డాయి. ముప్పై ఏళ్లకు పైగా అలాగే అమ్మారు, అదే రోజు అదనంగా తీసిపెట్టిన ఇంకో టేపు నుంచి 1992లో సరిచేశారు. చవక అచ్చుల్లో ఏ వేగం వస్తుందో కొన్నాక గానీ తెలియదు. ఊరికే వినేవాళ్లకు తేడా తగలకపోవచ్చు. కీబోర్డు పక్కన పెట్టుకుని కలిపి వాయించేవాళ్లకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. మా దగ్గరికి సంగీతం నేర్చుకునే పిల్లలు చాలామంది వస్తారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అందులో మొదటి పాట ‘సో వాట్’ 32 బార్ల చక్రం (బార్ అంటే మన తాళంలో ఆవర్తనం లాంటిది). మొదటి 16 బార్లు డి స్వరం ఆధారంగా డోరియన్ స్కేలు, అంటే మన ఖరహరప్రియ స్వరస్థానాలే. తర్వాతి 8 బార్లు అవే స్వరాలు అరమెట్టు (కీబోర్డు మీద పక్క మీట దూరం) పైకి జరుగుతాయి, చివరి 8 మళ్లీ కిందికి వస్తాయి. శ్రుతిపెట్టె పెట్టుకుని ఆ మెట్టు ఎక్కడం దిగడం గుర్తుపట్టాలని కూర్చున్నవాడికి రికార్డే పైశ్రుతిలో ఉంటే ఏం చేస్తాడు? అందుకే ఇది సోనీ లెగసీ అచ్చు తప్ప ఇంకేదీ ఉంచం.

కొత్త రికార్డుల్లో వంపు కన్నా మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది నడిమి కన్నం పక్కకు పడటం. రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. కన్నం అర మిల్లీమీటరు తప్పితే ముల్లు ప్రతి చుట్టుకూ ఒక మిల్లీమీటరు మేర అటూ ఇటూ ఊగుతుంది. అంచు దగ్గర దాని ప్రభావం తక్కువ. లోపలికి పోయేకొద్దీ గాడి చుట్టు చిన్నదవుతుంది. నడిమి నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర స్వరం 0.8 శాతం పైకీ కిందికీ పోతుంది, అంటే అరమెట్టులో ఏడో వంతు. డ్రమ్ములు జోరుగా ఉన్న పాటలో అది దాగిపోతుంది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి వైపు ఆఖరి పాట ‘బ్లూ ఇన్ గ్రీన్’లో దాగదు. పియానో మీట నొక్కి వదిలిన స్వరం నీళ్లలో నీడలా కదులుతుంది. పరీక్ష సులభం. ఆఖరి పాట పెట్టి, ప్లేయరుకు ఎదురుగా వంగి, ముల్లు ఉన్న తలను చూడండి. పైకీ కిందికీ ఆడితే వంపు. కుడికీ ఎడమకూ ఆడితే కన్నం. ఊపు మొత్తం ఒక మిల్లీమీటరు దాటితే 10 రోజుల్లోపు తెండి, మారుస్తాం. కన్నాన్ని కత్తెరతో పెద్దది చేసి సర్దుకుందామని చూడకండి. అలా చేసినదాన్ని మేం వెనక్కి పంపలేం.

వంపు ఉన్నా ముల్లు ఎగరకుండా, శబ్దంలో తేడా లేకుండా ఆడితే మార్చడం లేదు. అంత కచ్చితం చూస్తే పెట్టెలో సగం తిప్పి పంపాల్సి వస్తుంది. ఇంకో మాట. బిల్ ఎవాన్స్ ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ తెచ్చుకున్నవాళ్లు కొందరు టిక్కుటిక్కుమంటోందని వెనక్కి తెస్తున్నారు. అది 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో జనం ముందు తీసినది. మీకు వినిపించేవి గ్లాసులు, మాటలు. అదే పాటను ఫోనులో వినండి, అవే చోట్ల అవే శబ్దాలు వస్తాయి. రికార్డు మీది మచ్చ అయితే 1.8 సెకన్లకోసారి లెక్క తప్పకుండా వస్తుంది.

ఎండల సంగతి. వినైల్ 60 డిగ్రీలు దాటేసరికి మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు మీద పెడితే గంటలో పనైపోతుంది. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా బయటి ఊళ్లకు రాత్రి బస్సులోనే పార్శిల్ పంపుతాం. పొద్దున్నే వెళ్లి తీసుకోవాలి. మధ్యాహ్నం దాకా రేకుల షెడ్డు కింద పెడితే వంగినదానికి మేం పూచీ పడలేం. ప్యాకింగ్ కూడా మార్చాం. పైన బిగించిన ప్లాస్టిక్ పొరను మేమే కోస్తాం. వేడికి అది ఇంకా బిగుసుకుని రికార్డును కూడా వంచుతుంది. పళ్లేన్ని లోపలి కవరుతో సహా అట్ట బయటికి తీసి వెనక పెడతాం, లేకపోతే కుదుపులకు అట్ట అంచు చీలుతుంది. అటూ ఇటూ రెండు అట్టముక్కలు, ఒకదాని గీతలు నిలువుగా, ఒకదానివి అడ్డంగా. దీనికి 90 రూపాయలు తీసుకుంటున్నాం, ఇదివరకు తీసుకునేవాళ్లం కాదు.

ఇంట్లో నిలబెట్టే పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. అట్టతో కలిపి ఒక్కోటి సుమారు 250 గ్రాములు ఉంటుంది, యాభై అయితే పన్నెండున్నర కిలోలు, కింది వాటి గతి ఊహించుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బయటి గోడకు ఆనించిన బీరువాలో అట్టలకు బూజు పడుతుంది, నాలుగు వేళ్ల ఎడం వదలండి. పైకవర్లు మా దగ్గరే కొనాలని లేదు. చీరలు, చొక్కాలు ప్యాక్ చేసే 13 అంగుళాల బీఓపీపీ (పలచని, గలగలమనే ప్లాస్టిక్) కవరు సరిపోతుంది. దళసరి పీవీసీ కవరు మాత్రం వద్దు. అందులోని మెత్తదనపు రసాయనం వేడికి ఊరి రికార్డు మీద మంచు పట్టినట్టు మరకలు చేస్తుంది, ఎంత కడిగినా పోవు. దేవుడి గదిలో సాంబ్రాణి వేసేటప్పుడు ప్లేయరు మూత వేసి ఉంచండి, ఆ పొగ జిడ్డు ముల్లుకు అంటుతుంది.

కడగడానికి బోరు నీళ్లు వాడితే గాడిలో ఉప్పు మిగిలిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. లేబులు తడవకుండా గాడి వెంబడి తుడిచి, ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో ఇంకోసారి కడగండి. ఇంట్లో ఎమ్మెస్ గారి ‘బాలాజీ పంచరత్నమాల’ ఎల్‌పీలు ఉంటే వాటికీ ఇదే పద్ధతి. తాతలనాటి 78 వేగపు పళ్లేలకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి. ఎల్‌పీ ముల్లుతో వాటిని ఆడించనూ కూడదు.

ముల్లు రికార్డు మీద మోపే బరువు చూసుకోవడానికి చిన్న తూకం మా అంగడిలో ఉంది, డబ్బులేమీ అక్కర్లేదు. ఆడియో టెక్నికా కంపెనీ వీఎం95ఈ ముల్లుకు 2 గ్రాములు. రికార్డు అరగకూడదని తగ్గించి పెడితే ముల్లు గాడిలో గంతులేసి ఎక్కువ పాడుచేస్తుంది. ఆ ముల్లు ఆయుష్షు కంపెనీ లెక్కన 300 గంటలు, 40 నిమిషాల ఎల్‌పీలు ఓ 450.

మేం తెప్పించే తర్వాతి రికార్డుల పెట్టెకు ఆర్డర్లు ఈ నెల 25 దాకా తీసుకుంటాం. సగం ముందు కట్టాలి. 20 రికార్డులు పోగైతేనే తెప్పిస్తాం, పోగవకపోతే 26న డబ్బు వెనక్కి వేస్తాం. ఆర్డరు పెట్టాక చేతికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. వెనక్కి తీసుకుంటున్న ఆ మూడు రికార్డులకు మాత్రం గడువేమీ లేదు, ఎప్పుడైనా తేవచ్చు.