వార్షిక కార్యకలాపాల నివేదిక: ఆజామాబాద్ భూములు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మెట్రో

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టిక, సభ్యత్వ రెన్యువల్ వివరాలు విడిగా జతచేశాం. ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా హైదరాబాద్‌లోని ఆజామాబాద్ పారిశ్రామిక వాడ చుట్టూనే తిరిగింది. అందుకే ఇక్కడా దానికే ఎక్కువ చోటిస్తున్నాం.

నిజాం హయాంలో, 1930లలో ఏర్పడిన ఈ వాడ సుమారు 136 ఎకరాలు. ఇవి సర్కారు లీజుకిచ్చిన ప్లాట్లు. లీజుల రద్దు, క్రమబద్ధీకరణకు 1992లో ప్రత్యేక చట్టం వచ్చింది, 2022లో దానికి సవరణ జరిగింది. ఈలోగా 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్), మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) మధ్య మెట్రో మొదలై, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో స్టేషన్ వచ్చింది. నగరం నడిబొడ్డున, రైలుకు దగ్గరగా, సగం మూతపడ్డ షెడ్లతో ఇంత భూమి ఉంటే దాని మీద అందరి కన్నూ పడక మానదు. దాన్ని ఏ వరసలో అభివృద్ధి చేయాలన్నదే అసలు ప్రశ్న.

2017 నాటి జాతీయ టీఓడీ విధానం (మెట్రో వంటి రవాణా చుట్టూ ఇళ్లు, పనిచోట్లు పెంచే పద్ధతి) స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల వరకు ప్రభావ పరిధిగా చూస్తుంది. మ్యాపులో వృత్తం గీస్తే వాడలో పడమటి ప్లాట్లు కొన్ని అందులోకి వస్తాయి. కాళ్లతో కొలిస్తే లెక్క మారిపోతుంది. ప్రహరీ గోడల మధ్య అడ్డదారి లేదు, చుట్టు తిరిగే రావాలి. నడిచే దూరాన్ని సూటి దూరంతో భాగిస్తే 1.3 లోపు ఉండాలని మా అభిప్రాయం. 1.6 దాటితే ఆటో ఎక్కుతారు, లేదా బండి తీస్తారు. దీనికి మందు ప్రతి 120–150 మీటర్లకు ఒక అడ్డవీధి. ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని నడక వెడల్పు ఇళ్ల దగ్గర కనీసం 1.8 మీటర్లు, దుకాణాల ముందు 2.5 మీటర్లు ఉండాలని పాదచారుల సౌకర్యాల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 103 చెబుతోంది. ట్రాన్స్‌ఫార్మర్, టీ బండి, పార్కింగ్ బైకులు పోను మిగిలిందే వెడల్పు. టేపు పెట్టి కొలిచినప్పుడు చాలాచోట్ల అందులో సగం కూడా లేదు.

అహ్మదాబాద్‌లో బీఆర్‌టీఎస్ (బస్సులకే ప్రత్యేక దారి), మెట్రో దారికి అటూ ఇటూ 200 మీటర్లలో ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు అంతస్తుల వైశాల్యం కట్టవచ్చో చెప్పే లెక్క) 4 దాకా ఇస్తారు. ఆ ఎర చూపి బిల్డర్ల చేత వీధులు, చిన్న ఫ్లాట్లు ఇప్పించుకోవచ్చు. మన దగ్గర 2012 నాటి జీఓ 168 ప్రకారం ఎఫ్‌ఎస్‌ఐకి పరిమితే లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లే (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎత్తును తేలుస్తాయి. అదనపు అంతస్తులు బహుమతిగా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి మన చేతిలో ఉన్నవి రెండే: అడ్డవీధులు, పార్కింగ్ గరిష్ఠ పరిమితి. రెండూ లీజు మార్పిడికి ముందే షరతులుగా రాయాలి. హక్కులు చేతులు మారాక వీధికి జాగా అడిగితే నష్టపరిహారం దగ్గరే ఫైలు ఆగిపోతుంది. ఈ ఏడాది మనం ఇచ్చిన వినతిపత్రం సారాంశం ఇదే. దాని మీద ఇంకా జవాబు రాలేదు.

పార్కింగ్ గురించి ఒక లెక్క చూడండి. రెండెకరాల ప్లాటులో 300 ఫ్లాట్లు, ఇంటికి రెండు కార్లు అనుకుందాం. ర్యాంపు, మలుపులతో కలిపి కారుకు 30 చదరపు మీటర్లు పడుతుంది. అంటే 18,000. సెట్‌బ్యాక్‌లు పోను ఒక సెల్లారుకు దాదాపు 6,000 వస్తుంది కాబట్టి మూడు సెల్లార్లు తవ్వాలి. కింద బండ తగిలితే ఖర్చు కొన్నవాళ్ల నెత్తినే పడుతుంది. మెట్రో పక్కన ఇల్లు కొని ఇద్దరూ కార్లలోనే ఆఫీసుకు వెళ్లేలా కట్టడం కోసమా ఇదంతా? ఇంటికి ఒక కారుకు మించకుండా చేస్తే ఒకటిన్నర సెల్లారు చాలు, ధరా దిగుతుంది.

సెల్లార్లతో రెండో చిక్కు నీళ్లు. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు మోసే నాలా అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా మూసీకి పోతుంది. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే పక్కన 9 మీటర్ల బఫర్ (ఏమీ కట్టని జాగా) వదలాలి. ర్యాంపు మొదట్లో రోడ్డు మట్టం కంటే ఎత్తైన గట్టు లేకపోతే మొదటి పెద్ద వానకే సెల్లారు బావి అవుతుంది.

మట్టి పరీక్ష సంగతి ఎవరూ ఎత్తడం లేదు. దశాబ్దాలుగా నూనెలు, రసాయనాలు వాడిన షెడ్ల కింద ఇళ్లు కట్టేముందు ఒక మీటరు, మూడు మీటర్ల లోతుల్లో నమూనాలు తీసి లోహాలు, నూనెల కోసం చూడాలి. పాత బోరునీళ్లు కూడా. వేలం అయ్యాక బయటపడితే శుభ్రం చేసే ఖర్చు ఎవరిదన్న తగాదా మొదలవుతుంది. ఈలోగా తవ్విన మట్టి లారీల్లో ఊరవతలి చెరువు గట్టుకు చేరిపోతుంది.

ఇక చిన్న సంగతి. క్రాస్‌రోడ్స్ అంటేనే సినిమా హాళ్లు. సెకండ్ షో వదిలేసరికి ఆఖరి రైలు వెళ్లిపోయి ఉంటుంది. రాత్రి బస్సుల వేళల్ని షో టైములకు కలపాలన్న సూచన కూడా వినతిపత్రంలో చేర్చాం.

వచ్చే ఏడాది వానలకు ముందే నాలా వెంట మట్టాల సర్వే చేయిస్తాం. 2020 అక్టోబరు వరదలో మీ గోడ మీద నీళ్లు నిలిచిన గుర్తు ఇంకా కనిపిస్తుంటే, రోడ్డు నుంచి దాని ఎత్తు కొలిచి, ఫొటోతో సహా సంఘం ఆఫీసులో ఇవ్వగలరు.