బుయ్ తాళాలు

చిన్నీ,

నిన్న ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నీ మాటే చెవుల్లో తిరుగుతోంది. స్కూటీ తాళాలు కనబడక "నా బుయ్ తాళాలు చూశారా" అని అడిగితే రూమ్‌లో అందరూ నీ మొహం చూశారన్నావు. రెండేళ్లప్పుడు నాన్న బండి చప్పుడు వినగానే నువ్వన్న మాట అది. నాన్నమ్మతో సహా ఇంటిల్లిపాదికీ అదే అలవాటైపోయింది. ఉన్నది నలుగురం, ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

"ఇక్కడికొచ్చాక మన మాటలు పోతున్నాయమ్మా" అన్నప్పుడు నీ గొంతు వణికింది. అందుకే ఈ ఉత్తరం.

నెదర్లాండ్స్‌లో లిమోర్ రవీవ్ అనే భాషా పరిశోధకురాలి బృందం చేసిన ఒక ప్రయోగం 2019లో వెలువడింది. మనుషుల్ని నలుగురేసి, ఎనిమిదిమందేసి గుంపులు చేశారు. తెర మీద ఏదో వింత ఆకారం ఒక దిక్కుకి కదులుతుంది. దానికి ఒకరు అప్పటికప్పుడు ఒక పేరు కల్పించి టైప్ చేయాలి. అది ఏ బొమ్మో, ఎటు పోతోందో ఎదుటివాళ్లు పోల్చుకోవాలి. సొంత భాష వాడకూడదు. జతలు మారుతూ ఉంటాయి. నలుగురే అయితే ఎవరు దేన్ని ఏమంటారో గుర్తుపెట్టుకుని నెట్టుకురావచ్చు. ఎనిమిదిమందిలో మిగతా ఏడుగురి పేర్లూ ఎంతని గుర్తుంటాయి? అందుకే పెద్ద గుంపుల్లో మాటలు త్వరగా ఒక పద్ధతిలో పడ్డాయి. మాటలో ఒక ముక్క ఆకారాన్ని చెబుతుంది, ఇంకో ముక్క దిక్కుని చెబుతుంది. ఇక కొత్త బొమ్మ వచ్చినా ఊహించి చెప్పొచ్చు. చదువుతుంటే నీ హాస్టల్ గదే కళ్ల ముందు మెదిలింది.

అంతకుముందు 2010లో గ్యారీ లూప్యన్, రిక్ డేల్ అనే పరిశోధకులు 2,000కు పైగా భాషలు పోల్చి చూశారు. మాట్లాడేవాళ్లు ఎక్కువ ఉన్న భాషల్లో మాటకి అతుక్కునే ప్రత్యయాలు తక్కువగా ఉంటున్నాయన్నారు. అలాంటి భాషల్ని పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లు ఎక్కువ, వాళ్లకి అవి కొరుకుడు పడవు, అదీ కారణం కావచ్చట. కానీ జనం లెక్కతోనే అంతా తేలిపోతుందని నాకనిపించదు. 8 కోట్ల మంది మాట్లాడే మన తెలుగులో "వెళ్లలేకపోయానని" అన్న ఒక్క మాటని విడదీసి చూడు, ఎన్ని ముక్కలొస్తాయో!

అక్కడ నువ్వు స్కూటీ అంటే నాకేం బాధ లేదు తల్లీ. రోజూ కొత్తవాళ్లతో మాట్లాడాలిగా. ఇక్కడ మాత్రం నీ మాట అలాగే ఉంది. పొద్దున కూడా నాన్నమ్మ "వాన పడేలా ఉంది, బుయ్ లోపల పెట్టరా" అని నాన్నని కేకేసింది.

శనివారం ట్రైన్ దిగగానే ఫోన్ చెయ్. నాన్న బుయ్ వేసుకుని వస్తారు.

అమ్మ