ప్రత్యేక కోర్సు పేరుతో ఫీజు, స్టూడెంట్ లీడర్ పేరుతో చాకిరీ: ఫ్లయింగ్ అకాడమీ యాజమాన్యానికి ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ఫ్లయింగ్ అకాడమీ ప్రధాన కార్యాలయం.

విషయం: హెలికాప్టర్ నుంచి విమానానికి మారే ప్రత్యేక కోర్సుకి ఫీజు తీసుకుని ఆ కోర్సు నడపకపోవడం, స్టూడెంట్ లీడర్‌గా ఉన్న నన్ను ఒక సోలో (విద్యార్థి ఒంటరిగా ఎగరడం) ఆపినందుకు తొలగించి, నా సార్టీలు (ఎగిరే వంతులు) తగ్గించడం, అడక్కుండా నా యూనిఫాం ఫోటో ప్రకటనల్లో వాడటం.

అయ్యా,

ఇదే సంగతి మీద ఆపరేషన్స్ మేనేజర్‌గారికి ఇంగ్లిష్‌లో మూడు మెయిళ్లు పెట్టాను. మూడింటికీ ‘నోటెడ్’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. అడ్మిషన్ రోజున మీరు నాతో అరగంట తెలుగులోనే మాట్లాడారు. “మా పిల్లలకి మీలాంటివాళ్లు కావాలి మేజర్‌గారూ” అన్నారు. అందుకే ఈసారి తెలుగులో, నేరుగా మీకే రాస్తున్నాను.

నేను ఆర్మీ ఏవియేషన్‌లో షార్ట్ సర్వీస్ మీద పద్నాలుగేళ్లు చేసి బయటికి వచ్చినవాణ్ని. నాసిక్‌లోని కంబాట్ ఆర్మీ ఏవియేషన్ ట్రైనింగ్ స్కూల్లో ఓనమాలు దిద్దింది హెలికాప్టర్ మీదే. ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్లకి వెళ్లేవాళ్లు కూడా ముందు రెక్కల విమానం మీద చేయి తిప్పుకుని వెళ్తారు. నాకు ఆ మెట్టు లేదు. లేహ్‌లో, సియాచిన్ బేస్ క్యాంపులో చీతా హెలికాప్టర్ నడిపాను. లాగ్‌బుక్‌లో 2,100 గంటలున్నాయి, మీ దగ్గరికి వచ్చేనాటికి అందులో రెక్కల విమానం మీద ఒక్క గంట లేదు. పద్నాలుగేళ్ల షార్ట్ సర్వీస్‌కి పింఛను రాదు. మీకు ఇప్పటిదాకా కట్టిన 31 లక్షలు నా గ్రాట్యుటీ, కొంత పొదుపు, మిగిలింది మా ఆవిడ నగల మీద తెచ్చిన అప్పు.

గంటల లెక్క గొప్పకి చెప్పలేదు. కాక్‌పిట్‌లో నాకు అడ్డుపడుతున్నవి ఆ 2,100 గంటలే. మీరు అమ్మిన కోర్సు ఉండాల్సింది ఆ అడ్డు తీయడానికి.

చీతాలో కెప్టెన్ కుడి సీట్లో కూర్చుంటాడు. కుడి చేతిలో దిశ తిప్పే కర్ర సైక్లిక్, ఎడమ చేతిలో పైకీ కిందికీ తీసుకెళ్లే లివర్ కలెక్టివ్. మీ సెస్నా 172లో విద్యార్థిది ఎడమ సీటు. ఎడమ చేయి కంట్రోల్ వీల్ మీద, కుడి చేయి థ్రాటిల్ మీద. చేతులు తారుమారవడం ఒక వారంలో సర్దుకుంటుంది. అంత తేలిగ్గా సర్దుకోనిది ఇంకొకటి ఉంది. కలెక్టివ్ పైకి లాగితే పవర్ వస్తుంది. థ్రాటిల్ వెనక్కి లాగితే పవర్ పోతుంది. ‘లాగడం’ అంటే నా ఒంటికి పద్నాలుగేళ్లుగా ఒకటే అర్థం.

మార్చిలో ఒక పొద్దున సర్క్యూట్స్ (రన్‌వే చుట్టూ తిరిగి దిగే సాధన) చేస్తున్నాం. ఫైనల్స్‌లో, అంటే దిగడానికి రన్‌వేకి నేరుగా వస్తూ, 65 నాట్లు, ఫుల్ ఫ్లాప్ (రెక్కల వెనక పలకలు పూర్తిగా దించి). రన్‌వే మీదికి కుక్క వచ్చింది. “గో అరౌండ్” (దిగకుండా పవర్ పెంచి మళ్లీ పైకి వెళ్లడం) అన్నది నేనే. నోరు సరిగ్గానే అంది, చేయి మాత్రం థ్రాటిల్‌ని ఆఖరుదాకా వెనక్కి లాగేసింది. ఇంజిన్ గొంతు పడిపోయింది. ముక్కు అప్పటికే ఎత్తి ఉంది. రెక్క ఇక విమానాన్ని మోయలేదని హెచ్చరించే స్టాల్ వార్నింగ్ హారన్ సన్నగా అందుకుంది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ నా చేతి మీద తన చేయి వేసి థ్రాటిల్ ముందుకి నెట్టేశాడు. ఆ అబ్బాయికి 24 ఏళ్లు. దిగాక ఇద్దరం రెక్క నీడలో నిలబడ్డాం. “సార్, అలా ఎందుకు లాగారు?” అని అడిగాడు. తప్పు పట్టడానికి కాదు, నిజంగానే అర్థం కాక. నేను పక్కనే పడి ఉన్న టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ) ఎడమ చేత్తో పట్టుకుని, పైకెత్తి, కిందికి దించి, కలెక్టివ్ ఎలా పనిచేస్తుందో చూపించాను. కాసేపు చూసి, “ఇది మాకెవరూ చెప్పలేదు సార్” అన్నాడు.

అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ పూట ఇద్దరి ప్రాణాలూ నిలిపింది అతనే. ఈ ఉత్తరం చూసి అతన్ని పిలిచి మందలిస్తారేమోనని ముందే చెబుతున్నాను, అలా చేయకండి. అతనికి చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, అంతే.

ఫ్లేర్ (దిగేముందు నేల దగ్గర ముక్కెత్తడం) సంగతీ ఇలాంటిదే. హెలికాప్టర్‌లో వేగం చంపుకుంటూ వచ్చి నేల దగ్గర హోవర్‌లో, అంటే గాల్లోనే నిలిచి, ఆగుతాం. సెస్నా ఆగితే పడుతుంది. ఫుల్ ఫ్లాప్‌లో 40 నాట్ల దగ్గర రెక్క చేతులెత్తేస్తుంది. మొదటి పాతిక ల్యాండింగుల్లో నేను పదిహేనడుగుల ఎత్తులోనే ఫ్లేర్ చేసి, అక్కడ హోవర్ వస్తుందేమోనని చూస్తున్నట్టు కూర్చున్నాను. ఇంజిన్ పోతే చీతాలో మొదటి పని కలెక్టివ్ దించడం. అది ఆలోచించి చేసేది కాదు. సెస్నాలో ముక్కు దించి గ్లైడ్ స్పీడ్ పట్టాలి. ఉత్తుత్తి ఇంజిన్ ఫెయిల్యూర్ ఇచ్చిన ప్రతిసారీ నా ఎడమ చేయి వీల్ వదిలి సీటు పక్కన లేని లివర్ కోసం వెతికింది. ఒక్క పెడల్స్ దగ్గరే దేవుడు దయతలిచాడు. చీతా రోటర్ తిరిగే దిక్కుకి పవర్ పెంచితే కుడి పెడల్ తొక్కాలి, సెస్నాలోనూ కుడి రడ్డరే.

ఇవేమీ బ్రహ్మరహస్యాలు కావు. రెండు గంటల గ్రౌండ్ క్లాసు, ఇంజిన్ ఆపి ఉంచిన విమానంలో చేతులకి కొంత సాధన, ఈ అలవాట్ల మీదే గురిపెట్టిన అయిదారు సార్టీలు. అమెరికాలో కొన్ని ప్రాంతీయ ఎయిర్‌లైన్లు మిలిటరీ హెలికాప్టర్ పైలట్లని రెక్కల విమానాలకి మార్చుకోవడానికి ‘రోటర్ ట్రాన్సిషన్’ పేరుతో ప్రత్యేకంగా కార్యక్రమాలు నడిపాయి. మీ బ్రోషర్ 14వ పేజీలో అదే పేరు ఉంది. దాని కింద ‘సాయుధ దళాల హెలికాప్టర్ పైలట్లకు ప్రత్యేక సిలబస్, స్వయంగా మారిన అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్లు’ అని ఉంది. చేరిన తొమ్మిది నెలల్లో ఆ సిలబస్ కాగితం నేను చూడలేదు. అడిగితే “అందరికీ ఇచ్చేదే సార్, మీకు ఇంకా ఈజీ కదా” అన్నారు. హెలికాప్టర్ మీద ఒక్కసారైనా ఎక్కిన ఇన్‌స్ట్రక్టర్ మీ దగ్గర ఒక్కరూ లేరు. పద్దెనిమిదేళ్ల పిల్లలతో కలిపి నన్నూ అదే వరసలో పెట్టారు. పిల్లలతో కూర్చోవడానికి నాకు నామోషీ లేదు. వాళ్లకి కొత్తగా నేర్పితే చాలు, నాకు పాతది మాన్పించాలి కూడా. ఆ ఫీజే మీరు విడిగా తీసుకున్నారు.

గంటల మాట. ఎయిర్‌ప్లేన్ సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్స్) మామూలుగా 200 గంటలు కావాలి, అందులో 100 పైలట్-ఇన్-కమాండ్‌గా. నా హెలికాప్టర్ గంటలు ఎంతమేర లెక్కలోకి వస్తాయో అడ్మిషన్ కౌన్సెలర్ ఒకటి చెప్పారు, సీఎఫ్ఐ (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్) ఆఫీసు ఇంకొకటి చెప్పింది, అకౌంట్స్‌వాళ్లు మాత్రం పూర్తి గంటలకీ బిల్లు వేశారు. రాసివ్వమంటే ఎవరూ రాసివ్వలేదు. పదకొండు నెలల్లో అయిపోతుందన్నారు. తొమ్మిది నెలలకి నేను ఎగిరింది 61 గంటలు. తొమ్మిది విమానాల్లో ఏ రోజు చూసినా ఎగరడానికి లైన్ మీద ఉన్నవి మూడో నాలుగో, మిగతావి స్నాగ్ (లోపం) పేరుతో హ్యాంగర్‌లో.

ఇక లీడర్ పదవి. ఏప్రిల్లో 43 మంది క్యాడెట్లకి నన్ను స్టూడెంట్ లీడర్‌ని చేశారు, శాలువా కప్పి, ఫోటో తీసి. ఆర్మీలో కోర్స్ సీనియర్ అంటాం. కోర్సులో ఎవరైనా తప్పు చేస్తే మొదటి తిట్లు వాడికే, అయితే కోర్సు తరఫున లోపలికి వెళ్లి ఇన్‌స్ట్రక్టర్ ముందు నిలబడి ‘ఇది కుదరదు సర్’ అనేదీ వాడే. రెండూ ఉంటేనే అది పదవి. మీ దగ్గర మొదటి సగమే ఉంది. పొద్దున్నే అయిదున్నరకి వాట్సాప్‌లో రోస్టర్ పెట్టడం, మెస్సులో పప్పు నీళ్లలా ఉందంటే పిల్లల్ని ఊరుకోబెట్టడం, విమానం లేక సార్టీ పోయినవాడికి నచ్చజెప్పడం. ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు అసెంబ్లీలో చదవమన్నారు. ఆ ఒక్కటీ చేయనన్నాను.

తెలుగు పిల్లలు నన్ను ‘అన్నా’ అంటారు, మిగతావాళ్లు ‘సార్’ అంటారు. ఎవరిచ్చారో గాని నా నంబరు తల్లిదండ్రులకి వెళ్లింది. పల్నాడు నుంచి ఒకాయన రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసేవారు. రెండెకరాలు అమ్మి కొడుకుని చేర్పించారు. “మేజర్‌గారూ, మావాడికి ఎప్పటికవుద్దంటారు? ఆఫీసులో అడిగితే మిమ్మల్ని అడగమంటన్నారండీ.” విమానాలు హ్యాంగర్‌లో ఎన్నాళ్లుంటాయో నాకేం తెలుసు? అయినా మిలిటరీ గొంతు వినబడితే ఆయనకి ధైర్యంగా ఉంటుందని మీ ఆఫీసుకి తెలుసు. నేను “చూస్తానండీ” అనేవాణ్ని. ఆ మాట అన్న ప్రతిసారీ మీ బదులు నేను అబద్ధమాడినట్టే అనిపించేది.

ఆగస్టు 12. రోస్టర్‌లో పదకొండింటికి ఒక అమ్మాయి సోలో, ఆమెకి మూడోది. ఆథరైజ్ చేయాల్సిన ఇన్‌స్ట్రక్టర్ పొద్దున ఏడింటికే, ఆకు కదలని వేళ, సంతకం పెట్టేసి వేరే సార్టీకి వెళ్లారు. పది దాటాక గాలి లేచింది. రన్‌వేకి అడ్డంగా 12 నాట్లు, గస్ట్ (ఉండుండి వచ్చే విసురు) 19. సెస్నా 172కి తయారీదారు ఎగిరి చూపించిన క్రాస్‌విండ్ (అడ్డగాలి) 15. అది చేయి తిరిగిన పైలట్ లెక్క, మూడో సోలో లెక్క కాదు. ఆ అమ్మాయి హెడ్‌సెట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. “వెళ్లమంటారా అన్నా?” అంది. “నీకేమనిపిస్తోందమ్మా?” అన్నాను. గాలి చూపించే గుడ్డ గొట్టం, విండ్‌సాక్ వైపు చూసింది. అది బిగుసుకుపోయి, కొస టపటపా కొట్టుకుంటోంది. “వద్దనిపిస్తోంది, కానీ ఇవాళ వద్దంటే మళ్లీ రెండు వారాలకి గాని రాదు” అంది. ఆ రెండో సగం విన్నాక నేనింక ఆలోచించలేదు. రోస్టర్‌లో ఆమె పేరు కొట్టేసి, పక్కన గాలి అంకెలు, టైము రాసి సంతకం పెట్టాను.

సోలో ఆపే అధికారం కాగితం మీద నాకు లేదు, ఒప్పుకుంటాను. డిప్యూటీ సీఎఫ్ఐకి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆ సాయంత్రం ఆపరేషన్స్ మేనేజర్ గ్రూపులో, 43 మంది పిల్లలు చూస్తుండగా, “లీడర్ పని రోస్టర్ నడపడం, మార్చడం కాదు” అని పెట్టారు. మర్నాటికి కొత్త లీడర్ పేరు వచ్చింది. ఆ వారం నుంచి నాకు మూడు సార్టీలకి బదులు ఒకటి. కారణం అడిగితే ‘ఎయిర్‌క్రాఫ్ట్ అవైలబిలిటీ’ అన్నారు. అవే విమానాల మీద మిగతావాళ్ల సార్టీలు తగ్గలేదు, రోస్టర్లన్నీ నా దగ్గరున్నాయి.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది పదవి పోవడం కాదు. సీట్లో కూర్చున్నప్పుడు నా అనుభవం నాకు అడ్డం, అక్కడ సాయం కావాలి. అక్కడ ‘మీకు ఈజీ కదా’ అన్నారు. టార్మాక్ మీద నిలబడి గాలిని చూసి వద్దనడానికి ఆ అనుభవమే పనికొస్తుంది. అక్కడ నోరు మూసుకోమన్నారు. ఆ అమ్మాయి మళ్లీ ఇంకోరోజు విండ్‌సాక్ చూసి నోరు విప్పుతుందా అన్నదే నా భయం.

ఫోటో గురించి రెండు మాటలు. అడ్మిషన్ ఫారానికి ఇచ్చిన యూనిఫాం ఫోటో బస్టాండు దగ్గర హోర్డింగ్ మీద ‘యుద్ధవీరుల నమ్మకం’ అన్న మాటల పక్కన కనబడింది. నేను యుద్ధం చేయలేదు. రేషనూ కిరోసినూ జబ్బుపడ్డ జవాన్లనీ మోశాను. ఆ ఫోటో వారంలోగా తీసేయించండి.

నేను ఎగరని గంటల ఫీజు, ప్రత్యేక కోర్సు పేరుతో విడిగా తీసుకున్న 2 లక్షల 40 వేలు తిరిగి ఇవ్వండి. 61 గంటలకి సీఎఫ్ఐ సంతకంతో లాగ్‌బుక్ ధ్రువీకరణ, వేరే అకాడమీకి మారడానికి కావాల్సిన కాగితాలు ఇవ్వండి. గాలి, విజిబిలిటీ ఏ అంకె దాటితే సోలో ఆగిపోవాలో రాసి ఆథరైజేషన్ కౌంటర్ దగ్గర అంటించండి, ‘వద్దు’ అన్న క్యాడెట్‌కి ఆ సార్టీ రెండు రోజుల్లోపు మళ్లీ ఇవ్వండి. ఈ చివరిది నాకోసం కాదు, నేనైతే వెళ్లిపోతున్నాను. అయినా అన్నిటికంటే ముందు అదే చేయండి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే రోస్టర్ల కాపీలతో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి రాస్తాను, ఫీజు సంగతి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను.

లీడర్‌కి ఇచ్చిన రిజిస్టరు, విజిల్, హాస్టల్ గది తాళంచెవి నిన్న ఆపరేషన్స్ కౌంటర్లో అప్పగించి రసీదు తీసుకున్నాను. రిజిస్టరులో ఆగస్టు 12 నాటి పేజీ ఫోటో, బ్రోషర్ 14వ పేజీ, ఫీజు రసీదులు దీనితో జతచేశాను.

ఇట్లు,
విశ్రాంత మేజర్, ఆర్మీ ఏవియేషన్
సీపీఎల్ విద్యార్థి, మాజీ స్టూడెంట్ లీడర్