నలభై చెరువులకి కాఫ్కా ఎందుకురా!

విజయనగరం

ఒరే బావా,

ఉత్తరం అందింది. భోగాపురం వైపు నలభై రొయ్యల చెరువులు, చెరువుకో ఆక్సిజన్ సెన్సరు, నిమిషానికో రీడింగు. దీనికి కాఫ్కానా, ఫ్లింకా అని అడిగావు. రెండూ డేటా వరదలా వచ్చేచోట వాడే సాఫ్ట్‌వేర్లు, మొదటిది దాచి అందరికీ అందించేది, రెండోది వచ్చేది వచ్చినట్టే లెక్కలు కట్టేది. ముందు లెక్క కట్టు. రోజుకి 1,440 నిమిషాలు, నలభై పెట్టి గుణిస్తే 57,600 వరసలు. వరసకి 200 బైట్లనుకున్నా మొత్తం 12 ఎంబీ దాటదు. ఏటి కాఫ్కా! గంపెడు వంకాయలకి లారీ మాట్లాడినట్టుంటుంది.

ఎంత ఆలస్యమైతే కొంప మునుగుతుందో అదీ చూసుకో. రాత్రంతా నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకునేదే గానీ వదిలేది కాదు కదా, తెల్లారగట్ల బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాములకి దిగిందంటే నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు తిరగాల్సిందే. కబురు రెండు నిమిషాల్లో అందితే చాలు, మిల్లీసెకన్లతో మనకేటి పని? ఎంక్యూటీటీ అనే పద్ధతిలో సెన్సర్ల మెసేజీలు అందుకుని పంచిపెట్టే మస్కిటో అనే బ్రోకరు, దాన్నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోకి రాసే చిన్న పైథాన్ ప్రోగ్రాము, స్క్రీను మీద గ్రాఫుల్లో చూసుకోడానికి గ్రఫానా. అంతే.

అసలు తంటా సెట్టింగుల దగ్గరే. క్యూఓఎస్ 1 పెట్టు, అంటే మెసేజీ కనీసం ఒక్కసారైనా అందాలని. అందినట్టు జవాబు రాకపోతే అదే రీడింగు మళ్లీ వస్తుంది, కాబట్టి టేబుల్లో చెరువు నంబరూ కొలిచిన సమయమూ కలిపి ప్రైమరీ కీ (ఒకే వరస రెండుసార్లు పడనివ్వని గుర్తు) చెయ్యి, రెండోసారి వచ్చింది దానంతటదే పక్కకి పోయేలా రాయి. రాసే ప్రోగ్రాము బ్రోకరుకి చెప్పుకునే పేరు, అదే క్లయింట్ ఐడీ, మారకూడదు. క్లీన్ సెషన్, అంటే కలిసిన ప్రతిసారీ పాతవి మర్చిపోవడం, ఆపెయ్యి. అది ఆగిపోతే మస్కిటో దాని వాటా దాచి ఉంచుతుంది గానీ, మామూలుగా వెయ్యి మెసేజీలే. నిమిషానికి నలభై చొప్పున పాతిక నిమిషాల్లో నిండిపోతుంది, ఆ తర్వాతవి గంగలో కలిసినట్టే. ఆ హద్దు పెట్టే మ్యాక్స్ క్యూడ్ మెసేజెస్ సెట్టింగు 20,000 చేస్తే ఎనిమిది గంటలు ఓర్చుకుంటుంది. దాచినవి డిస్కు మీద రాసిపెట్టే పర్సిస్టెన్స్ కూడా ఆన్ చెయ్యి, లేకపోతే బ్రోకరు రీస్టార్టయితే దాచినదంతా పోతుంది.

కరెంటు పోతే ఏటవుతుందో ఆలోచించావా? ఏరియేటర్లూ, రౌటరూ ఒకేసారి ఆగుతాయి. ఆక్సిజన్ పడుతున్న సమయంలోనే నీకు రీడింగులు రావు, స్క్రీను మీద ఆఖరి అంకె మాత్రం 5.2 అని ప్రశాంతంగా ఉంటుంది! అందుకే తక్కువ అంకెకే కాదు, అంకె రాకపోయినా సైరన్ మోగాలి. ఎంక్యూటీటీలో లాస్ట్ విల్ ఉంది, అంటే తను తెగిపోతే పంపమని సెన్సరు బాక్సు బ్రోకరు దగ్గర ముందే ఉంచే కబురు. కీప్ అలైవ్ (ఎంతసేపటికోసారి పలకాలో ఆ గడువు) 60 సెకన్లు పెడితే, సెన్సరు బాక్సు మూగబోయిన 90 సెకన్లకి బ్రోకరే కబురు పంపుతుంది. బ్రోకరు ఉండే సర్వరు మాత్రం చెరువు గట్టు మీద పెట్టకు, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది.

రేపు మేత కొట్టువాళ్లూ, ఎగుమతివాళ్లూ అందరూ ఈ డేటానే ఎవరికి వాళ్లు మళ్లీ మళ్లీ చదవాలంటే, అప్పుడు కాఫ్కా మాట. అప్పుడైనా మెసేజీకి కీ చెరువు నంబరే పెట్టు, ఒక చెరువువన్నీ ఒకే పార్టిషన్‌లో (కాఫ్కా డేటాని విడదీసి పెట్టుకునే అరలో) పడతాయి. వచ్చిన క్రమం ఒక్క పార్టిషన్ లోపలే నిలుస్తుంది.

అన్నట్టు, సెన్సరు మూతికి పాచి పడితే అంకె తప్పుతుంది. కుర్రాళ్లచేత తుడిపిస్తుండు.

ఉంటానురా.